తెల్ల కాగితం

బాసర దాటాక, స్టేషన్ బోర్డు మీది మరాఠీ అక్షరాలు
కూడబలుక్కునే లోపే
బోగీలో ఒకరి వెనక ఒకరు తుమ్ముతారు.
ధర్మాబాద్ వచ్చిందని అలా తెలుస్తుంది.

నా సంచిలో అరచేతంత పంపు,
మూరెడు రబ్బరు గొట్టం,
రూపాయి బిళ్లంత తెల్ల కాగితం.
రాత్రి మూడుసార్లు తూచాను దాన్ని
ఫ్యాను ఆపి, ఊపిరి బిగబట్టి.

మిరప గిర్నీలో జల్లెడ దగ్గర సాయవ్వ.
పంతొమ్మిదేళ్లుగా అక్కడే.
పంపు ఆమె నడుముకు కట్టి, గొట్టం భుజం మీదుగా తెచ్చి
ముక్కుకు జానెడు దూరంలో కాగితాన్ని తగిలించాను.
"ఇది నీతోపాటే పీలుస్తది అవ్వా."
"పాపం" అంది దాన్ని చూసి.

సాయంత్రం విప్పితే
గోడలు ఎర్రన, బల్బు ఎర్రన,
ఆమె కనురెప్పల వెంట్రుకలు ఎర్రన,
కాగితం మాత్రం పెట్టింది పెట్టినట్టే.
త్రాసు కూడా అదే చెప్పింది.
సేటు ఆ అంకె మీద వేలుంచి నవ్వాడు:
"రాసియ్యండి మేడమ్, మా గాలి మంచిదని."

రాయబోయి, ఎందుకో ఆగి, ఆమెనడిగాను.

"ఖరాబైతదని కొంగు కప్పిన బిడ్డా,
దవాఖాన కాయితం గదా, తెల్లగుంది."

ఎనిమిది గంటలు.
ఏనాడూ తన ముక్కుకు కప్పుకోని కొంగు.

మర్నాడు ఆ కొంగు బొడ్లో దోపించాను.
పగటి బువ్వ వేళకే పంపు గొంతు మారింది,
లాగలేక గురకపెట్టింది.
కాగితం మీద ఎరుపు పెచ్చుకట్టింది. ఆ అంకె ఇక్కడ రాయను.
సేటు ఈసారి వేలు పెట్టలేదు, కళ్లజోడు వెతుక్కున్నాడు.
"గుడ్డ కట్టుకోమంటాలే" అన్నాడు.

గుడ్డ కాదు సేటూ,
దుమ్ము పుట్టిన చోటే దాన్ని పట్టాలి.

రేకుల గఫూర్ నూనె డ్రమ్ము కోసి
జల్లెడ మీద బోర్లించాడు.
వెనక పైపు, పైపుకు ఫ్యాను, ఫ్యానుకు గోనె సంచి.
రెండుసార్లు కుదరలేదు, ఒకసారి సంచి చిరిగి
గఫూర్ నన్నూ తన డ్రమ్మునూ కలిపి తిట్టాడు.
మూడోసారి అగరొత్తి వెలిగించి పట్టుకుంటే
పొగ ఒక్క క్షణం తటపటాయించి
తలొంచుకుని లోపలికి నడిచింది.

తొలకరికి ముందు మళ్లీ వెళ్లాను.
కాగితం లేత గులాబీ. ఇంకా పనుంది.
సాయవ్వ నా మీద కోపంగా ఉంది.

"నిన్న పప్పుల పోపుకు ఎండుమిర్చి ఏస్తే
తుమ్ములే తుమ్ములు, కండ్లల్ల నీళ్లు.
ఇన్నేండ్లు ఘాటనేదే ఎరగను.
ఏం జేసినవ్ నాకు?"