నడుమ జారిన కన్ను

తార్తులో మార్చి నెల.
అమ్మ ఏరు అని పేరున్న మా నదిమీద
మంచు ఇంకా విరగలేదు, విరుగుతానని మూలుగుతోంది.
నా తెరమీద పదిహేడు వేల చుక్కలు,
వాటిమధ్య లెక్కకందని గీతలు.
ఏ ప్రోటీన్ ఏ ప్రోటీన్ చెయ్యి పట్టుకుంటుందో
ఎవరెవరో గాజుగొట్టాల్లో చూసి రాసిపెట్టిన చుట్టరికాలు.

నడిమధ్య చిక్కగా, కాటుక అద్దినట్టు.
అంచుల్లో పలచగా, ఒకటీ అరా.
కొత్తగా చేరిన హిల్యే అడిగింది:
"మధ్యలో ఉన్నవేనా ప్రాణాధారాలు?"
చాలామటుకు, అన్నాను.
ఒకే ఒక్క చుట్టంతో మూలన కూచుని
తను లేకపోతే కణానికి పూట గడవనివ్వనివీ ఉన్నాయి.
పైగా మనం దీపం పట్టుకు వెతికిన చోటే
గీతలు ఎక్కువ పడ్డాయి. అదీ నిజమే.

జబ్బుల జాబితా తెచ్చి
ఆ జన్యువులకు ఎర్రరంగు వేయమన్నాను.
ఎరుపు దాదాపు అంతా అంచుల్లో రాలింది.
మధ్య నల్లగానే ఉండిపోయింది.
హిల్యే మౌస్ వదిలేసింది.
"ఇంత ముఖ్యమైనవాటికి జబ్బే చేయదా?"

మా పెద్దమ్మ ఉర్వె హాప్సాలులో శాలువాలు అల్లేది,
ఉంగరంలోంచి దూరిపోయేంత సన్నని ఉన్ని.
ముందు నడిమి భాగం.
అంచు విడిగా అల్లి చివర్న కుట్టేది.
అంచులో కన్ను జారితే
"ఎవరు చూడొచ్చారులే" అని అమ్మేసేది.
వేసవిలో ఓడ దిగినవాళ్లు సరిగ్గా అక్కడే వేలు పెట్టి
బేరమాడేవాళ్లు.
నడుమ కన్ను జారిందా,
ఆ రాత్రే దారమంతా లాగేసి ఉండ చుట్టేది.
ఆ శాలువాలను సంతలో ఎవరూ చూడలేదు.

హిల్యేకి ఇదే చెప్పాను.
మన క్లినిక్కుకు వచ్చేవాళ్లు అంచు తెగినవాళ్లు.
చెవి మిషన్ జేబులో దాచుకునే తావెత్,
అతుక్కుపోయిన వేళ్లతోనే
అకార్డియన్ వాయించే ఆ తాత.
తెగీ బతికారు గనక పేరుంది, ఫైలుంది.
మధ్యలో తెగినవాళ్లు గుమ్మందాకా రారు.

అక్కడ గొంతు పట్టేసింది.
కాఫీ చేదుమీదికి నెట్టేశాను.

నవంబరు. తొమ్మిదో వారం.
"కారణం" అన్న గడిలో డాక్టరు
అడ్డంగా ఒక చిన్న గీత గీసి సంతకం పెట్టాడు.
ఆ గీతకు అటూ ఇటూ చుక్కల్లేవు.

సాయంత్రం బొమ్మ కింద వివరణ రాస్తూ
హిల్యే అడిగింది:
"మధ్య భాగం ఖాళీ అని రాయనా?"

ఖాళీ అన్న మాట కొట్టేయించాను.
"ఇక్కడినుంచి ఎవరూ మనదాకా రాలేదు" అని రాయించి,
పత్రిక వాళ్లు ఒప్పుకోరని తెలిసి,
"సమాచారం లేదు" అని మార్చాను.