లోడుబండి

రాయగడ ఆసుపత్రి, మేడమీది గది.
ఇనుప పలక మీద చెప్పులిప్పించి
నిలబెట్టింది సస్మిత. స్విచ్చి నొక్కింది.
పలక ఒణికింది.
"లాగుఛి కి?" అంది, తెలుస్తోందా అని.
ఏ బాసలోనూ లాగట్నేదమ్మా.
ఎడమకాలు నాది కాక మూడు నెల్లు.

ముప్పయ్యేళ్ల గ్యాంగ్‌మన్‌ని.
తేరువలి మలుపుకాడ, మంచులో
కళ్లు పనిచెయ్యని తెల్లారగట్ల
పట్టా మీద పాదం ఆన్చి చెప్పేవోణ్ణి
బండి ఎంత దూరమో,
ఖాళీదో, ఇనపరాయి నింపిందో.

పదోనాడు ఏటీ లేదు.
పదకొండోనాడు టీ ఒలికి పంట్లాం కాలింది, అంతే.
పన్నెండోనాడు
మడమ అంచున చీమంత గుసగుస.

నోరింకా తిరగదు.
గ్యాంగుని లైను దించినట్టు
చెయ్యి ఊపేను సస్మితకి.
తప్పుకో తల్లీ.
శానా దూరంగా ఉంది గానీ
లోడుబండే.