పది మూరల తాడు

దాని పేరు మూరా.
వాళ్ళ భాషలో గోధుమరంగని అర్థమట.
మనకైతే మూరంటే మోచేతి నుంచి వేలికొస దాకా.
నుగ్జార్ చేతిలో పది మూరల తోలుతాడు,
ఆ కొసన మూరా.
లెక్క ఎలాగో సరిపోయింది.

త్బిలిసి పోలీసు కుక్కల దళంలో
రాత్రి డ్యూటీ అంటే ముప్పాతిక వంతు ఎదురుచూపే.
గిన్నెలు కడగడం, గోళ్ళు చూడడం,
పంజా సందుల్లోంచి రోడ్డుమీది ఉప్పు తుడవడం,
పన్నెండు సీసాల్లో ఒకదాంట్లో దాచిన మందుగుండు వాసనని
మళ్ళీ, మళ్ళీ, మళ్ళీ కనిపెట్టించడం.
పక్క గదిలో ముసలి జెకో
నిద్రలో పరుగెడుతుంటాడు.
ఏ దొంగ వెనకో, వాడికే తెలియాలి.

పోయినవారం స్టేడియంలో
నాలుగువేల కుర్చీలు వాసన చూసింది మూరా.
ఏమీ లేదు.
ఏమీ లేదని చెప్పడానికీ ముక్కు అంతే అరగాలి.
రిపోర్టులో దానికి ఒక్క అడ్డగీత.

జనవరి. తెల్లవారుజాము మూడు.
అవ్లాబారీలో ఒకావిడ కనిపించడం లేదని ఫోను.
పేరు త్సియాలా, ఎనభై ఒకటి,
నాటకాల కంపెనీకి నలభయ్యేళ్ళు బట్టలు కుట్టింది.
ఈమధ్య వారాల పేర్లు
ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయి.
కాళ్ళకి ఇంట్లో చెప్పులు. కోటు కొక్కేనికే ఉంది.
మనవరాలు దిండుగలీబు తెచ్చి ఇచ్చింది,
మాసిన గుడ్డ పోలీసులకిస్తున్నందుకు సిగ్గుపడుతూ.

మూరా అందులో ముక్కు పెట్టింది.
మొహం చూసి మనిషిని పోల్చుకుంటాం మనం.
దానికి మొహంతో పనిలేదు.
కలరా ఉండలు, టీ, కుట్టుమిషను నూనె,
అన్నిటికీ అడుగున
ఇంకెవరికీ లేని ఒక్క పోగు.
ఆ పోగు అందుకుంది.
తాడు బిగిసింది.

మెట్లు. చర్చి గోడ. రొట్టెల కొట్టు.
లోపల ఒకతను నడుందాకా పొయ్యిలోకి వంగి
పిండిని గోడకి అతికిస్తున్నాడు.
మూరా తల తిప్పలేదు.
నుగ్జార్ తిప్పాడు.

వంతెన దాటితే గంధకపు స్నానాల పేట.
భూమిలోంచి కుళ్ళిన గుడ్ల ఆవిరి.
అక్కడ మూరా ఆగింది.
ఒక సున్నా చుట్టింది. ఇంకో సున్నా.
పోగు తెగింది.

చెవికి పసుపు బిళ్ళ ఉన్న వీధికుక్క ఒకటి
ఒళ్ళు విరుచుకుంటూ లేచి వచ్చింది.
ఊరందరి చేతా తింటుంది,
ఎవరికీ జవాబు చెప్పుకోనక్కర్లేదు.
రెండూ ఒక్క క్షణం ముక్కులు ఆనించుకున్నాయి.
ఏం మాట్లాడుకున్నాయో రాయడానికి
ఫారంలో గడి లేదు.

నుగ్జార్ ఏమీ అనలేదు.
పదమూడేళ్ళ సర్వీసులో నేర్చుకున్నది అదొక్కటే:
తాడు వదులుగా పట్టుకోవడం,
దారి తనకే తెలుసనుకోకపోవడం.
వేళ్ళు మొద్దుబారుతున్నా సరే.

అప్పుడు మూరా తల ఎత్తింది,
ఈసారి నేలని వదిలి గాలిని చదివింది.
స్నానశాలల ఇటుక గుమ్మటాల మీదికి ఎక్కింది.
బోర్లించిన కుండల్లా ఉంటాయవి,
లోపలి వేడికి మంచు నిలవదు.
మూడోదానికి వీపు ఆనించుకుని
త్సియాలా కూచునుంది,
గౌనంచు మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడుస్తూ.

మూరా ఎదురుగా కూర్చుంది. మొరగలేదు.
కూర్చోవడమే దాని మాట.
ముసలామె రెండు చెవులూ పట్టుకుని నిలదీసింది:
"ఇంతసేపూ ఎక్కడ తిరుగుతున్నావే?
నీకోసం ఊరంతా వెతికాను."

నుగ్జార్‌కి నవ్వొచ్చింది,
నవ్వు వెనకే ఇంకేదో వచ్చింది.
కోటు విప్పి ఆమెకి కప్పాడు.
రేడియోలో, దొరికింది, అన్నాడు.
ఎవరికి ఎవరు, అని అవతలివాళ్ళు అడగలేదు.

జేబులోంచి ఎర్ర బంతి.
బాంబుకీ అదే బంతి, గంజాయికీ అదే.
ఒకసారి నది ఒడ్డున రెల్లులో
దొరికిన కుర్రాడి శవానికీ అదే.
అన్నిసార్లూ మూరా ఇంతే సంబరంగా గెంతింది.
నుగ్జార్‌కి ఇప్పటికీ అలవాటు కానిది అదే.

తెల్లారాక, దళం గదుల్లో,
ముసలి జెకో ఊచల సందున ముక్కు పెట్టి
మూరా ఒంటిమీది గంధకం, రొట్టె, దారం,
పసుపు బిళ్ళ కుక్క,
అన్నీ నిదానంగా,
పేపరు వచ్చినట్టు,
మొదటి పేజీ నుంచి చదువుకున్నాడు.