ఒత్తు

సమ్మక్క జాతర నెలల పుట్టిన అని
అవ్వ పెట్టిన పేరు సమ్మయ్య.
సిరొంచ ఠాణాల జమాదారు
ఒక మ మింగి రాసిండు:
సమయ్య, తండ్రి లచ్చయ్య, వయసు పదహారు,
ప్రాణహిత ఒడ్డు, రాత్రి రెండు గొట్టంగ,
టేకు దుంగ ఒకటి, నాటుపడవ ఒకటి.
దుంగ ఎవరిదో రాయలే.
నాకు ముట్టిన నూటయాభై రూపాయలు రాయలే.
నీళ్లు చల్లగున్నయని ఎట్లాగూ రాయరు.

తొమ్మిదేండ్లకు
అహేరి డిపోల డ్రైవర్ నౌకరి
వచ్చినట్టే వచ్చి
చారిత్ర్య దాఖలా కాడ బ్రేకు పడ్డది.

"పిల్లగాండ్ల కేసుకు కాయితం మిగలొద్దు,
గడువు దాటినంక చింపెయ్యాలె, కానూన్ల ఉన్నది"
అన్నది వకీలు మడావి సునందక్క.
మరి ఎందుకు చింపలే అంటే
"ఎవలు అడిగిండ్రు?" అన్నది.
చెట్టు కొట్టనీకి రాత్రికి రాత్రే మంది దొరుకుతరు.
మొద్దు పెకిలించనీకి
మనమే గడ్డపార కొనుక్కోవాలె.

గడ్చిరోలికి నాలుగు తిరుగుళ్లు.
తెల్లారగట్ల ఎర్ర బస్సు,
తువాలల రెండు జొన్నరొట్టెలు, మిరపతొక్కు.
ఆలపల్లి అడివిల పొద్దు పొడిచేది.
రెండు దిక్కుల టేకుచెట్లు,
అన్నీ చూసినయి, ఒక్కటీ సాక్ష్యం చెప్పలే.
నేను మాత్రం కిటికీల నుంచి
గుంతలు లెక్కవెట్టేటోన్ని,
రేపు నేనే నడపాలె గద.

కిటికీ కాడి బాబుకు తెలుగు రాదు,
నాకు మరాఠీ కోపమొస్తెనే వస్తది.
"సమ్మయ్య పేరు మీద ఏ గున్హా లేదు.
లేనిది ఎట్ల కొట్టెయ్యాలె? ఉద్యా యా."
వాళ్ల లిపిల ఒత్తు కిందికి దిగదు,
సగం మ అయి పక్కన నిలవడ్తది.
గా సగం అక్షరం లేక
పట్టినప్పుడు నేనే,
ఇడిసేటప్పుడు నేను కాదు.

వంద రూపాయల స్టాంపు కాయితం మీద
గా సమయ్య, ఈ సమ్మయ్య ఒక్కడే అని
నోటరీ ముంగట ప్రమాణం చేసిన.
దెబ్బలు తిన్ననాడు ఒప్పుకోలే.
తుడిపేసుకోనీకి ఒప్పుకున్న,
వాడు నేనే అని.

ఆర్డరు వచ్చిన దినం
నా ముంగట్నే చింపుమని బతిలాడిన.
బాబు నవ్వి, బస్తాల నుంచి కట్ట తీసి,
దారం ఇప్పి, ఒక్కో కాయితం తిప్పుతుండు.
ఏడో కాయితం జామీను పత్రం.
అడుగున, ఊదా రంగుల,
మా నాయిన బొటనవేలు.

నాయిన పోయి ఐదేండ్లు.
ఇంట్ల ఫోటో లేదు, రాసిన అక్షరం లేదు,
వల ఎలుకలు కొరికినయి.
గీ వేలు ఇక్కడ, చీకట్ల, బస్తాల,
నాకు జవాబుదారీగ
ఇన్నేండ్లు కూసున్నదని తెల్వదు.

గిదొక్కటి ఇయ్యుండ్రి సాహెబ్ అన్న.
ఇయ్యరాదన్నడు. మొత్తం పోవాలె,
లేకుంటే పోయినట్టు కాదు.
రెండు తాపలు అడ్డంగ, రెండు తాపలు నిలువుగ.
ఒక ముక్క ఎగిరి
నా చెప్పు కాడ పడ్డది, గీతలున్న ముక్క.
వంగుదామనుకున్న.
కచేరిల కాయితం దొంగతనం,
మళ్ల ఒక కేసు.
వంగలే.

ఇప్పుడు నా మీద ఏమీ లేదు.
ఏమీ లేదనే కాయితం మాత్రం ఉన్నది,
ప్లాస్టిక్ కవర్ల, బియ్యం డబ్బల.
అంకీస స్టాపుల ముసలోల్లు
ఇప్పటికీ "ఏం టేకు సమ్మయ్యా" అంటరు.
దానికి ఏ కిటికీ కాడికి పోవాలె?

మొన్న మొదటి డ్యూటీ.
కంట్రోలర్ లాగ్‌షీట్ల రాసిండు: సమయ్య.
సగం అక్షరం మళ్ల మాయం.
దిద్దుమందామని నోరు తెరిచి ఆగిన.
పోనీ తియ్,
పదహారేండ్ల పోరడు,
ఇంకా తడిబట్టల మీదనే ఉన్నడు.
ఈ ఒక్క ట్రిప్పు
వాడు నడపనీ.