బొమ్మలో పప్పు

కాశీబుగ్గ రైల్వే గేటు దాటాక మూడో కొట్టు నాది.
బోర్డు కంపెనీవాడు ఊరికే ఇచ్చాడు.
నా పేరు చిన్నగా, బిస్కట్టు పెద్దగా,
దాని మీద పసిపిల్ల పిడికిలంత జీడిపప్పు.

సాయంత్రం పిక్కలు కొట్టి వచ్చే దాలమ్మ
నా కొట్టు దగ్గర నడక పెంచుతుంది.
పెంచితే ఏం, వేలు పట్టుకున్న గుంట ఆగిపోతుంది.
నాలుగేళ్లది, ఇంకా ‘ర’ పలకదు.
టీవీలో పాట మాత్రం
మధ్యలో కుక్కపిల్ల అరుపుతో సహా అప్పజెబుతుంది.

నిన్న దాలమ్మ కొంగుముడి విప్పింది.
జీడిసొన తినేసిన వేళ్లు,
రేషన్ మిషను మూడుసార్లు గుర్తుపట్టని వేళ్లు,
గేటు కాడ తడిమినా దొరకని నాలుగు బద్దలు తీసి
పిల్ల చేతిలో పోశాయి.
“ఇయి తినే. పొద్దుట్నించీ నాను కొట్టినవే. అదే పప్పు.”

పిల్ల బోర్డు కేసి చూసింది. అరచెయ్యి చూసుకుంది.
“ఇయి కాదే అమ్మా. అయి గెంతుతాయి.”

దాలమ్మ తిట్టలేదు.
ఐదు రూపాయల బిళ్ల గల్లా మీద పెట్టింది.
పిల్ల ప్యాకెట్టు చింపి
ఒక్కో బిస్కట్టూ బల్బుకి అడ్డంపెట్టి
లోపల ఎక్కడుందో వెతుకుతూ వెళ్లింది.

షట్టరు దించేముందు అట్ట చదివాను.
చీమ తలకాయంత అక్షరాలు:
బొమ్మ ఊహకు మాత్రమే.

బద్దలు బల్ల మీదే ఉన్నాయి.
తినబుద్ధి కాలేదు.

పొద్దున్నే కంపెనీ ఆటో వచ్చింది.
“ఎన్ని పెట్టెలు బావూ?”
మూడన్నాను.