కొలత

మహారాణిపేట, కలెక్టరాఫీసు గోడ పక్కన
నా టైపు మిషను వయసు నాకన్నా మూడేళ్ళు తక్కువ.
సముద్రపు గాలి తిని తిని
దాని మీటలకీ నా వేళ్ళకీ ఒకటే నొప్పి.

ఆషాఢం ముసురులో వచ్చింది నూకరత్నం,
గొడుగు మడిచి, బల్ల కింద చెప్పులు విడిచి.
"గాజువాకలో ఆట ఉంది బాబూ, పరిమిషను కావాల."
రికార్డింగ్ డ్యాన్సు. ఎనిమిది మంది మనుషులు,
రెండు సౌండు బాక్సులు, ఒక జనరేటరు.
ఇలాంటి అర్జీలు నాకు అలవాటే.
'సాంస్కృతిక కార్యక్రమము' అని కొట్టాను.

ఆవిడ అక్షరం అక్షరం కూడబలుక్కుంది.
చేపలో ముల్లు తగిలినట్టు
ఆ మాట దగ్గర ఆగింది.
"ఇదేటి? నాను ఆడతాను. ఆట అనే రాయి."
అలా రాస్తే రాదమ్మా అన్నాను.
"రాకపోతే నేదు. దొంగపేరెట్టి
ఇరవయ్యేళ్ళు ఆడినాను. సాలు."

వారం తిరక్కుండా కాగితం తిరిగొచ్చింది,
ఎర్ర సిరాతో ఒక్క వాక్యం:
'అశ్లీలతకు అవకాశమున్నందున తిరస్కరించడమైనది.'
నా మిషనుకి ఆ మాట ఎప్పుడూ కష్టమే,
శ కింద ల వత్తు సరిగా కూర్చోదు,
గట్టిగా కొడితే కాగితం చిరుగుతుంది.

ఆవిడ చెప్పుకుపోయింది, నా టీ చల్లారిపోయింది.
పోయినేడు పెందుర్తి దగ్గర
ఒక కానిస్టేబులు దర్జీ కొట్టు నుంచి టేపు తెప్పించి
మోకాలి మీద ఎన్ని అంగుళాలో కొలిచాడట.
కొలుస్తూ నవ్వాడట. ఆ నవ్వుకి సెక్షను లేదు.
అదే పాట, అవే అడుగులు,
బీచి రోడ్డులో పెద్ద హోటలు పచ్చిక మీద
ఏదో కంపెనీ పండక్కి బొంబాయి పిల్లలు ఆడితే
గేటు దగ్గర అదే కానిస్టేబులు
కార్లు సర్దుతున్నాడట.

"రూళ్ళు వొద్దని నానన్ను బాబూ.
పద్దెనిమిది నిండని పిల్లని ఎక్కించకూడదని రాయమను.
రాత్రల్లా ఆడించి పొద్దున్న డబ్బులెగ్గొట్టినోడి
సెయ్యి పట్టుకోమను.
తాగొచ్చి స్టేజీ ఎక్కి కొంగు లాగినోడికి
ఒక రూలెట్టమను.
నా గౌనుకే రూలేటి?"

నా దగ్గర జవాబు లేదు.
నిజం చెప్పాలంటే నేనూ ఒకప్పుడు
కంచరపాలెంలో, రెండో వరసలో, మఫ్లరు చాటున
చూసినవాణ్ణే. మర్నాడు ఆ ఆట ఆపించాలని
పేట పెద్దల వినతిపత్రం కొట్టిందీ
ఈ మిషనే. పేజీకి మూడు రూపాయలు.

"మరైతే ఇంకోటి కొట్టు," అంది చివరికి.
సమాచార హక్కు కింద, పది రూపాయల స్టాంపుతో:
'అయ్యా, అశ్లీలత ఎన్ని అంగుళముల వద్ద మొదలగునో
తెలుపగలరు.
ఏ టేపుతో కొలుతురో అదియు తెలుపగలరు.'
వృత్తి అన్నచోట నేను ఆగాను.
ఆవిడ ఆగలేదు: ఆటకత్తె.

ఇరవై తొమ్మిదో రోజున జవాబొచ్చింది,
గుండ్రటి ముద్రతో, పద్ధతిగా:
'తాము కోరిన సమాచారము
ఈ కార్యాలయమునందు లభ్యము కాదు.'

నూకరత్నం రెండుసార్లు చదివించుకుంది.
నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.
జిరాక్సు కొట్టు వైపు గడ్డంతో చూపించి
"తొమ్మిది తీయించు, మడత పడకుండా" అంది.
ఎనిమిది మందే కదా అన్నాను.

చిల్లర లెక్కపెట్టి, చెప్పులు తొడుక్కుని,
ఎనిమిది కాగితాలు పాలిథిన్ సంచిలో చుట్టుకుని
తొమ్మిదోది నా మిషను మీద పెట్టింది.
"ఆటలాపించమని అర్జీ కొట్టించడానికి
ఎవులన్నా వొస్తే
ముందు ఇది సూపించు బాబూ."