ఒరగని బండి

బ్రనోలో ఇరవై ఆరేళ్లు ట్రామ్ నడిపాను.
పట్టాలు ఎటంటే అటు.
నా చేతుల్లో ఉన్నవి వేగమూ, గంటా.
మలుపు మాత్రం ఎవరో ముందే వేసిపెట్టి ఉండేవారు.

డ్యూటీ దిగాక నాన్న జావా తీసి
గుట్టల దారి పట్టేదాన్ని.
యాభై నాలుగు మోడల్, ఎండుమిరప రంగు.
మలుపులో ముందు నా నడుము ఒరిగేది,
తర్వాత బండి,
ఆ తర్వాత దారి పక్క ప్లమ్ చెట్లు,
ఆఖరున ఆకాశం.
ఒరగడమంటే పడిపోవడం కాదని
నాకు చెప్పింది అదే.

ఇప్పుడు ఎడమ మోకాలు
ఎర్రదీపం దగ్గర అంత బరువు మొయ్యనంటోంది.
మొన్న ఏప్రిల్లో పెట్రోల్ బంకు ముందు
ఆగినదాన్ని ఆగినట్టే పడ్డాను.
పరుగులో ఎన్నడూ పడనిదాన్ని.
అమ్మి పారెయ్, అంది అక్క.

క్వెటొస్లావ్ ఎక్కణ్ణుంచో ఒక సైడ్‌కార్ తెచ్చాడు.
పదిహేనేళ్లుగా అందులో కోళ్లు పొదిగాయట.
ఎంత కడిగినా దాని ముక్కులోంచి
రోజుకో ఈక.
"దీన్ని ఊతకర్ర అనే అందాం,
వేరే పేర్లెందుకు" అన్నాను.
వాడు నవ్వలేదు. వెల్డింగ్ చేసేవాళ్లు
తొందరగా నవ్వరు.

రెండు సాపు చెక్కలు, ఒక దారం.
పక్కచక్రం ఇరవై మిల్లీమీటర్లు లోపలికి చూడాలి,
బండి వెంట్రుకంత బయటికి వాలాలి.
తిన్నగా పోవాలంటే
ఏదీ తిన్నగా ఉండకూడదట.
నాలుగు చోట్ల బిగించాడు.
నాలుగోసారికి ఫ్రేము కిర్రుమంది.
బయటికెళ్లి సిగరెట్ వెలిగించాను,
మానేసి తొమ్మిదేళ్లయినా.

ఖాళీ తొట్టి గాల్లోకి లేస్తుంది, బరువు వెయ్యి అన్నాడు.
డిపోకెళ్లి ఇసుక అడిగాను.
తడి రోజుల్లో ట్రామ్ జారకుండా
పట్టాల మీద రాల్చే ఇసుక,
వేయించినట్టు పొడిపొడిగా ఉంటుంది.
స్టోర్‌లో రద్‌మిలా
పుస్తకంలో రాయకుండా నలభై కిలోలు తూచింది.

గ్యాస్ తిప్పితే కుడికి గుంజింది,
వదిలితే ఎడమకి.
మొదటి మలుపులో నేను ఒరిగాను.
బండి ఒరగలేదు.
అలవాటైన భుజమని తల వాలిస్తే
అక్కడ గోడ ఉన్నట్టు.
పూసిన ఆవచేలోకి
నేనూ, జావా, ఇసుకమూటా
మూడు చక్రాల మీద నిటారుగా దిగబడ్డాం.
పడనైనా పడలేదు. అదీ సిగ్గు.

నెల పట్టింది.
నడుముకున్న విద్యంతా భుజాలకి
మొదటినుంచీ నేర్పాలి.
ఒకరోజు ఎర్రదీపం దగ్గర
కాలు కింద పెట్టడం మర్చిపోయి, ఉలిక్కిపడి,
పెట్టక్కర్లేదని గుర్తొచ్చి
చేతులు కట్టుకు కూర్చున్నాను.
మోకాలు ఏమీ అనలేదు.

పక్కన మూటకి ఈమధ్య ఒక ఆకారం వచ్చింది.
పొట్ట ముందుకి, తల కాస్త వేలాడేసి,
రాత్రి ఆఖరి ట్రిప్పులో
తమ స్టాపు దాటిపోయేవాళ్లలా.
"వచ్చేది పాత సబ్బు ఫ్యాక్టరీ" అంటాను.
దిగదు.

కొండ మీద ఒక కుడి మలుపుంది.
ఎవరూ రావడం లేదంటే
అక్కడ గ్యాస్ కాస్త ఎక్కువిస్తాను.
పక్కచక్రం నేల విడిచి
జానెడు లేస్తుంది.
ఆ జానెడూ, అవతలి వైపుకే అయినా,
ఒరుగుతాం.